గుంజ మెదెర్ పరుగు

వియ్యపురాలు అనార్‌కాన్ వచ్చిన ప్రతిసారీ ఒకటి తెచ్చేది, ఒకటి పట్టుకుపోయేది. ఈసారి తెచ్చింది చెర్రీపళ్ళ మురబ్బా. పట్టుకుపోవాలనుకున్నది తొక్తోసున్ మాట.

మనవరాలు బెగిమై గోడ వదిలేసి నాలుగడుగులు వేసింది. అంటే కాలిబందం కోసే వేడుక చెయ్యాలి. నల్ల ఉన్నీ తెల్ల ఉన్నీ కలిపి పేనిన తాడు బిడ్డ రెండు కాళ్ళకూ కడతారు. దాన్ని ఒక మనిషి కత్తితో కోస్తాడు. ఎవరు కోస్తే వాళ్ళ నడకే బిడ్డకు వస్తుంది. దీన్ని అనుమానించేవాడు ఆ లోయలో ఇంకా పుట్టలేదు. అందుకే, కోసే మనిషి ఎవరన్న దగ్గర వియ్యాలవారు మాటలు మానేసిన ఇళ్ళు చాలా ఉన్నాయి.

"కోసేది మెదెర్," అన్నాడు తొక్తోసున్.

అనార్‌కాన్ టీ గిన్నె కింద పెట్టింది. "ఏ మెదెర్, బావగారూ?"

"ఎంతమంది మెదెర్‌లున్నారు వదినా ఈ ఊళ్ళో? తుల్పార్ ఫుట్‌బాల్ జట్టులో ఆడిన మెదెర్."

"గుంజ మెదెరా?"

ఆమె నవ్వింది. చిన్న నవ్వు కాదు. తలమీది రుమాలు జారిపోయేంత నవ్వు. "బిడ్డ నడవాలని కదండీ బందం కోసేది? ఉన్నచోటే పాతుకుపోవాలనా?"

కొడుకు ఎర్మెక్ టీ కెటిల్లోకి తొంగిచూశాడు, జవాబు అందులో ఉన్నట్టు. కోడలు చినారా నవ్వు ఆపుకోవడానికి బిడ్డ ముక్కు తుడిచింది. బిడ్డ ముక్కు కారడం లేదు. పక్కింటి సాత్కిన్ ముసలాయన మాత్రం నూనెలో వేయించిన బోర్సోక్ ముక్కలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటున్నాడు. ఆయనకు చెవులు సగం పోయాయి. పళ్ళు పోలేదు.

"ఆ పేరు పెట్టింది నేనే," అన్నాడు తొక్తోసున్. "నేను పెట్టిన పేరుతో నన్నే ఎగతాళి చెయ్యకండి."

"మీరే పెట్టారా? మరి ఇంకేం! వాడు గుంజని అందరికంటే ముందు కనిపెట్టింది మీరేనన్నమాట."

"మిగతా పదిమందీ బంతి వెనకాల పరిగెత్తేవాళ్ళు వదినా. బంతి వాడి దగ్గరికి పరిగెత్తుకొచ్చేది."

"వస్తే వచ్చింది. ఇప్పుడు మోకాలు కూడా పోయిందిగా. మొన్న బజార్లో నా కళ్ళతో చూశాను. కుంటుతున్నాడు. నా మనవరాలు కుంటాలా?"

"మీ మనవరాలా? నా మనవరాలు."

"నడిచే కాళ్ళు మా వైపువి. అరిచే నోరు మీ వైపుది." అనార్‌కాన్ మురబ్బా గిన్నె అతని ముందుకు జరిపింది. "మా అన్న కొడుకు తాలాయ్ ఉన్నాడు. సరిహద్దు కాపలా సైన్యంలో ఉన్నాడు, సెలవు మీద వస్తున్నాడు. వాళ్ళ దళంలో పరుగులో వాడిదే మొదటి స్థానం. జింకపిల్ల!"

"జింక ఎందుకు పరిగెత్తుతుంది? భయపడి."

తొక్తోసున్ పరిగెత్తేవాళ్ళని చాలామందిని చూశాడు. భార్య బురూల్‌కి జబ్బు చేసినప్పుడు అందరూ పరిగెత్తారు. ఆమె తమ్ముళ్ళు మందులకని పరిగెత్తారు, అతని అన్నదమ్ములు కారు కోసమని పరిగెత్తారు, ఎర్మెక్ ఎందుకో తనకే తెలియకుండా పరిగెత్తాడు. ఆమె కళ్ళు తెరిచి చుట్టూ చూసిన వేళకు మాత్రం ఒక్కడూ గదిలో లేడు, తొక్తోసున్ తప్ప. ఇది జరిగి ఆరేళ్ళయింది. ఆ పరిగెత్తినవాళ్ళలో ఎవరినీ అతను క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు. మనవరాలు మాత్రం ఉండవలసిన చోట, ఉండవలసిన వేళకు ఉండాలి. ఆ విద్య తెలిసినవాణ్ణి అతను బతుకులో ఒక్కణ్ణే చూశాడు. వాడు తుల్పార్ జట్టు ముందు వరసలో, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేవాడు.

ఇదంతా వియ్యపురాలికి చెప్పలేదు. "కోసేది మెదెరే," అన్నాడు మళ్ళీ.

"సరే. మనమెందుకు కొట్టుకోవాలి? పెద్దలు పెట్టిన పద్ధతి ఉంది కదా. బిడ్డను వాకిట్లో నిలబెడదాం. దూరం నుంచి అందరూ పరిగెత్తుకొస్తారు. మొదట బిడ్డను తాకినవాడిదే కత్తి. మా తాలాయ్ పరిగెత్తుతాడు, మీ గుంజ కూడా పరిగెత్తుతాడు. భగవంతుడు ఎవరికి రాసిపెడితే వాళ్ళే కోస్తారు." ఆమె ఆగకుండా రెండు అరచేతులూ తెరిచి పైకెత్తింది. "అంతా మంచే జరగాలి. ఓమీన్!"

సాత్కిన్ ముసలాయన చేతులు లేచాయి. నోటినిండా బోర్సోక్ ఉన్నా లేచాయి. ఎర్మెక్ చేతులు లేచాయి. చినారా బిడ్డ చేతులు కూడా పట్టుకుని లేపింది. అందరూ అరచేతులతో ముఖం తుడుచుకుని, తథాస్తు అన్నట్టు "ఓమీన్" అన్నారు. అప్పుడు చూసుకున్నాడు తొక్తోసున్: తన చేతులు కూడా ముఖం మీదే ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఎదుటివాడు అరచేతులు తెరిస్తే తనవీ తెరుచుకుంటాయి. ఏం అడుగుతున్నారో తర్వాత తెలుస్తుంది.

"ఇది మోసం," అన్నాడు.

"ఓమీన్ అన్నారుగా బావగారూ."

"చెయ్యి దానంతటదే లేచింది."

"నోరు కూడా దానంతటదే అందిలెండి."

ముఖం తుడుచుకున్నాక మాట వెనక్కి తీసుకునేవాడికి ఆ ఊళ్ళో గొర్రెను కూడా ఎవరూ అమ్మరు. తొక్తోసున్ మురబ్బా గిన్నె దూరంగా నెట్టేశాడు.

"ఇంతకీ దేనికి ఓమీన్ అన్నాం?" అని అడిగాడు సాత్కిన్.

చినారా ఆయన ముందుకు బోర్సోక్ పళ్ళెం జరిపింది.

మర్నాడు పొద్దున తొక్తోసున్ టోపీ పెట్టుకుని బయల్దేరాడు. మెదెర్ టైర్ల కొట్టు బజారు చివర, గుర్రాల సంత దాటాక ఉంది. మైదానం పక్కనుంచే దారి. ఇన్నేళ్ళుగా ఆ మైదానం పక్కనుంచి నడిచినప్పుడల్లా అతని కాళ్ళు వాటంతటవే గోలు వెనక్కి మళ్ళుతాయి. ఆ రోజూ మళ్ళాయి. వల చిరిగి వేలాడుతోంది. గోలు ముందు గడ్డిలో ఎవరిదో దూడ పడుకుని ఉంది.

సరిగ్గా అక్కడే మెదెర్‌ను మొదటిసారి చూశాడు. వసంతకాలం, వాన, మైదానమంతా బురద. ఆటకు ముందు ఆవుల్ని తోలాల్సి వచ్చింది. కొండమీది పల్లెనుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ళవాడు, వాసంలా పొడుగు, చొక్కా బొడ్డు దాకా కూడా రాలేదు. ఆట సాగుతోంది, అందరూ దొర్లుతున్నారు, వాడు మాత్రం నిలబడి ఉన్నాడు. తొక్తోసున్‌కు ఒళ్ళు మండింది. "కదలరా! గుర్రాల్ని కట్టేసే గుంజలా ఆ నిలబడ్డమేంట్రా!" అని గోలు వెనకనుంచి అరిచాడు. జనం గొల్లుమన్నారు. వాళ్ళు నవ్వుతుండగానే బంతి గోలు స్తంభానికి తగిలి తిరిగొచ్చి, వాడి మోకాటిచిప్ప కింద తగిలి, లోపలికి పోయింది. వాడు అప్పటికీ కదల్లేదు.

ఆ రోజు నుంచి వాడు గుంజ.

పదహారేళ్ళు ఆడాడు. ఆ పదహారేళ్ళలో వాడు బంతి కోసం పరిగెత్తగా చూశానని చెప్పేవాడు అబద్ధాలకోరు. అవతలి జట్టువాళ్ళు మొదట ఇద్దర్ని వాడికి కాపలా పెట్టేవాళ్ళు. కాసేపటికి ఆ ఇద్దరికీ విసుగొచ్చేది. గుంజని ఎంతసేపు కాపలా కాస్తారు? వాళ్ళు అటు తిరిగిన క్షణాన బంతి వచ్చేది, వాడి తలకో భుజానికో మడమకో తగిలేది. రాజధానిలో కప్పు ఫైనల్లో పిరుదుకు తగిలింది. అది గెలుపు గోలు. ఊరి జనం నాలుగు బస్సుల్లో కనుమ దాటి వెళ్ళారు, తిరిగొచ్చేటప్పుడు బస్సుల్లో ఎవరూ కూర్చోలేదు, అందరూ నిలబడి పాడారు. పిరుదుతో కొట్టిన గోలు తుల్పార్ అదృష్టమే తప్ప ఆట కాదని రాజధాని పత్రిక ఒకటి రాసింది. తొక్తోసున్ ఆ తర్వాత ఆ పత్రికను పొయ్యి రాజేసుకోవడానికి కూడా కొనలేదు.

ఇంకో ఏడాది, జట్టు పై తరగతికి వెళ్ళాల్సిన ఆటలో, నల్లమీసాల లైన్స్‌మన్ ఒకడు జెండా ఎత్తాడు. ఆఫ్‌సైడ్ అన్నాడు. నిలబడ్డచోటునుంచి కదలనివాడు ఆఫ్‌సైడ్‌లోకి ఎలా పోతాడు? కదిలింది మిగతా ప్రపంచం. చాలాకాలం తర్వాత ఆ లైన్స్‌మన్ చనిపోయాడని ఎవరో చెప్పారు. "జెండా ఎవడు ఎత్తాడు?" అని అడిగాడు తొక్తోసున్. అక్కడున్నవాళ్ళు తలలు దించుకున్నారు.

మధ్యలో వాడు రెండేళ్ళు సరిహద్దు అవతల కజఖ్ జట్టుకు ఆడబోయాడు. తొక్తోసున్ ఇంట్లో వాడి పేరెత్తకూడదని శాసించాడు. కానీ ఆపిల్‌పళ్ళ లారీలు సరిహద్దు దాటి తిరిగొచ్చే రోజున డ్రైవర్ల కోసం రోడ్డుమీద నిలబడేవాడు.

"పేరెత్తనన్నావుగా," అనేది బురూల్.

"పేరెత్తానా? ఆ పొడుగువాడు ఎన్ని కొట్టాడని అడిగాను."

వాడు తిరిగొచ్చాక మొదటి ఆటలో తొక్తోసున్ గోలు వెనక నిలబడి, "వచ్చావట్రా, అమ్ముడుపోయినవాడా! అక్కడ గుంజలు కరువయ్యాయా!" అని మొదలుపెట్టి సగం ఆట అయ్యేదాకా తిట్టాడు. సగం ఆట అయ్యాక మైదానం చుట్టి అవతలి గోలు వెనక్కి వెళ్ళి అక్కడినుంచి తిట్టాడు. వాడు రెండు కొట్టాడు. ఆ రోజు ఇంటికొస్తూ తొక్తోసున్ పిల్లలందరికీ ఐస్‌క్రీం కొనిపెట్టాడు. ఎందుకని అడిగితే, కరిగిపోతోందని అన్నాడు.

వాళ్ళ ఇల్లు మైదానానికి కాలువ అవతలే. బురూల్ ఎప్పుడూ ఆటకు రాలేదు. వాకిట్లో కూర్చుని ఉన్ని వడుక్కుంటూ, మొగుడి గొంతు వినేది. "నువ్వు అరుస్తున్నంతసేపూ నాకు బెంగలేదు," అనేది. "నీ నోరు మూతపడిందంటే ఆ గుంజ దగ్గరికి బంతి వస్తోందన్నమాట. అప్పుడు లేచి టీ నీళ్ళు పెడతాను." నిజమే. తిట్టుకీ గోలుకీ మధ్య ఒక క్షణం ఉండేది. ఆ క్షణాన అతని గొంతు పెగిలేది కాదు.

ఆమె పోయిన తర్వాత ఒకసారి ఆటకు వెళ్ళాడు. గోలు వెనక నిలబడ్డాడు. నోరు తెరవాలనిపించలేదు. ఆట మొత్తం అలాగే నిలబడ్డాడు. ఆ రోజు మెదెర్ దారుణంగా ఆడాడు. ఒక్క బంతి అందుకోలేదు. నిలబడాల్సినవాడు అటూ ఇటూ పరిగెత్తాడు. మాటిమాటికీ వెనక్కి తిరిగి చూశాడు. వీడికి వయసు మీదపడిందనుకున్నాడు తొక్తోసున్. ఆ తర్వాతి ఆటకూ అంతే. మూడో ఆటలో వాడు ఖాళీ గోలు ముందు బంతిని వదిలేస్తే కడుపు మండిపోయి, "గుంజనైనా గుర్రం గుర్తుపడుతుంది కదరా, నీకు బంతి గుర్తులేదా!" అని అరిచాడు. ఆరోజు వాడు ఒక గోలు కొట్టాడు. ఆ ఏడాదంతా కొట్టాడు.

మూడేళ్ళకు మోకాలు పోయింది. వీడ్కోలు మ్యాచ్ పెట్టలేదు. క్లబ్బువాళ్ళు ఒక గోడ గడియారం ఇచ్చి పంపించారు. తొక్తోసున్ ఆ క్లబ్బునూ క్షమించలేదు.

దూడ లేచి నిలబడింది. తొక్తోసున్ దాన్ని తోలేసి బజారు దారి పట్టాడు.

కొట్టు ముందు మెదెర్ వంగి లారీ టైరు మీద సబ్బునీళ్ళు పోస్తున్నాడు. జుట్టు పల్చబడింది. గోడమీద గడియారం ఉంది. అది పదింపావు దగ్గర ఆగిపోయి ఎన్నాళ్ళయిందో.

ఇన్నేళ్ళలో తొక్తోసున్ వాడితో ఒక్కసారి కూడా ఎదురుగా మాట్లాడలేదు. గొంతు సవరించుకున్నాడు. మర్యాదగా మొదలుపెడదామనుకున్నాడు. "బాబూ, కాస్త పక్కకు కదులు, వెలుతురు ఆపుతున్నావు," అన్నాడు.

మెదెర్ తల ఎత్తలేదు. చెయ్యి మాత్రం ఆగిపోయింది.

"మళ్ళీ అనండి," అన్నాడు.

"ఏమిటి?"

"కదలమన్నారు. మళ్ళీ అనండి. గట్టిగా."

"కదలరా!" అన్నాడు తొక్తోసున్, కొంచెం కోపంగానే.

మెదెర్ లేచి నిలబడ్డాడు. సబ్బు చేతులు రెండూ చాచాడు. "ఉత్తరం గోలు వెనక! అక్సకల్, పెద్దాయనా, మీరా! ఇన్నేళ్ళూ మిమ్మల్ని చాలా లావుపాటి మనిషనుకున్నాను. ఇంత బక్క ఒంట్లో అంత గొంతెక్కడిది?"

వాడు టైరు మీద అతన్ని కూర్చోబెట్టాడు, టీ పోశాడు, రొట్టె విరిచాడు. తొక్తోసున్ రొట్టెముక్క టీలో ముంచాడు. తిట్టడం తప్ప వాడితో ఇంకో భాష అలవాటు లేదు.

"ఒక సంగతి అడగాలి," అన్నాడు మెదెర్. "ఒక ఏడాది ఆకురాలే కాలంలో మీరు వచ్చారు, అరవలేదు. రెండు ఆటలు. ఎందుకు?"

"నీకెలా తెలుసు నేను వచ్చానని?"

"జనం తలల మధ్య మీ టోపీ మాత్రం కనిపించింది, గొంతు వినిపించలేదు. నా ప్రాణం పోయిందనుకోండి. నేను మిమ్మల్ని నమ్ముకుని ఆడేవాణ్ణి కదా!"

"నన్నా?"

"నా వీపు వెనక ఎవడున్నాడో నాకేం తెలుసు? మీరు గోలు వెనక నిలబడి అంతా చూసేవాళ్ళు. తిడుతున్నంతసేపూ బంతి రాదని నాకు తెలుసు. హాయిగా నిలబడేవాణ్ణి. మీ నోరు మూతపడగానే బంతి వస్తోందన్నమాట. కాలో తలో అడ్డం పెట్టేవాణ్ణి. ఆ రెండు ఆటలూ మీరు మొదటినుంచీ నోరు విప్పలేదు. బంతి ప్రతిక్షణం నా మీదికే వస్తోందనిపించింది. పిచ్చెక్కిపోయింది నాకు!"

తొక్తోసున్ టీ గిన్నెలోకి చూశాడు. ఈ మాట ఈ లోకంలో ఒక్క మనిషికే తెలుసనుకున్నాడు. ఆమె ఉన్ని వడుకుతూ కనిపెట్టింది. వీడు బురదలో నిలబడి కనిపెట్టాడు.

"అప్పుడు మా ఇంటావిడ పోయింది," అన్నాడు.

మెదెర్ అరచేతులు తెరిచాడు. ఇద్దరూ ముఖం తుడుచుకున్నారు. కాసేపు రొట్టె తిన్నారు.

ఆ తర్వాత తొక్తోసున్ వచ్చిన పని చెప్పాడు. బిడ్డ, బందం, వియ్యపురాలు, ఓమీన్, పరుగుపందెం.

"పరుగా?" మెదెర్ మోకాలు చూపించాడు. "రెండు కాళ్ళున్నప్పుడే పరిగెత్తలేదు కదా అక్సకల్."

"నాకు తెలుసు. ఆ సంగతి నాకంటే బాగా ఎవడికీ తెలియదు."

"పదిమందిలో నవ్వులపాలు చేస్తారా నన్ను?"

"పదహారేళ్ళు చేశాను. ఇంకొక్కసారికి ఏమవుతుంది?"

మెదెర్ నవ్వాడు. టైరు లోపలి ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూశాడు. "మీరెక్కడ నిలబడతారు?"

"బిడ్డ వెనక."

"అయితే వస్తాను. కానీ ఇంటి యజమాని కదా అని మర్యాదగా కూర్చోకండి. తిట్టండి."

వేడుక రోజున ఆ వీధి వీధంతా తొక్తోసున్ వాకిట్లోనే ఉంది. పెద్ద రాగిపాత్రలో మాంసం ఉడుకుతోంది, ఆపిల్ చెట్టు నీడలో గుర్రప్పాల కుమిస్ పీపా పెట్టారు. వాకిట్లో తెల్లకంబళి పరిచారు. దాని మీద బెగిమై ఎర్ర గౌను వేసుకుని, నలుపూ తెలుపూ తాడుతో కాళ్ళు కట్టించుకుని, అమ్మ చేతుల మధ్య నిలబడింది. తన కాళ్ళకు ఏమైందో అర్థంకాక వాటినే చూసుకుంటోంది.

మెదెర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని కుంటుకుంటూ వచ్చాడు. జనం వాణ్ణి చూసి ఈలలు వేశారు. ముసలివాళ్ళు లేచి వాటేసుకున్నారు. రాజధాని కప్పు పిరుదు ఏ వైపుదని ఒకడు అడిగితే, వాడు తిరిగి చూపించాడు.

తాలాయ్ మంచి కుర్రాడు, ఒప్పుకోవాలి. పొట్టి నిక్కరు, కొత్త బూట్లు, పిక్కలు రాయిలా ఉన్నాయి. మెదెర్ దగ్గరికి వచ్చి రెండు చేతులతో నమస్కారం పెట్టి, "చిన్నప్పుడు మీ గోల్స్ చూశానండీ," అన్నాడు. "ఏమీ అనుకోకండి, ఈ రోజు మాత్రం గెలుస్తాను."

"అనుకోను తమ్ముడూ. నీ పని పరుగు."

ఎక్కడినుంచి పరిగెత్తాలో నిర్ణయించింది అనార్‌కాన్. కాలువ వంతెన దాకా పంపింది. వంతెన మీద పాతికమంది వరకూ నిలబడ్డారు: పిల్లలు, బావలు, మేనమామలు, పెద్దపొట్టతో మాంసం కొట్టు ఆయన, తాలాయ్, చివర్న మెదెర్.

"బావగారూ, ఇప్పటికైనా కుర్చీ వేయించమంటారా మీ గుంజకి?" అంది అనార్‌కాన్.

"ముందు మీ జింకకి కళ్ళెం వేయించండి వదినా," అన్నాడు తొక్తోసున్. వెళ్ళి కంబళి వెనక నిలబడ్డాడు. గోలు వెనక నిలబడ్డట్టే, కాళ్ళు ఎడంగా పెట్టి.

అనార్‌కాన్ తలమీది తెల్ల రుమాలు తీసి గాల్లో ఊపి వదిలింది.

పాతికమందీ ఒక్కసారి కదిలారు. దుమ్ము లేచింది. తాలాయ్ రెండంగల్లో అందరినీ దాటేశాడు. మెదెర్ వంతెన దిగడమే చివర్న దిగాడు. దిగి, అందరిలా వీధి చుట్టి కాదు, పక్కకు నడవడం మొదలుపెట్టాడు, వాకిటి కాలువగట్టున ఉన్న ఆపిల్ చెట్టు వైపు.

"కుమిస్ తాగడానికి పోతున్నాడు!" అని ఎవరో అరిచారు. వాకిలంతా నవ్వు.

తొక్తోసున్‌కు పూనకం వచ్చింది. "కదలరా గుంజా! ఎటురా పోతున్నావు! పందెం ఇటురా, గుడ్డి గుంజా! ఆ కాలు నీదేనా, అద్దెకు తెచ్చుకున్నావా! నీకంటే మా ఇంటి గడప నయం, తలుపు తోస్తే శబ్దమైనా చేస్తుంది! కదలరా!"

మూడేళ్ళుగా ఆ గొంతు ఆ వీధికి వినిపించలేదు. ముసలివాళ్ళు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. మెదెర్ నవ్వుతూ, కుంటుతూ, తన మానాన తను పోతున్నాడు.

తాలాయ్ వాకిట్లోకి వచ్చేశాడు. ముఖం ఎర్రగా కందింది, చెయ్యి ముందుకు చాచాడు, వెనకాల పిల్లల మూక గీపెడుతోంది. బెగిమై తల ఎత్తి చూసింది. తన మీదికి ఊరంతా విరుచుకుపడుతున్నట్టు కనిపించింది దానికి. కింది పెదవి బయటికొచ్చింది. ఒక్క కేక పెట్టి, అమ్మ చేతుల్లోంచి జారి, నేలమీద బోర్లాపడి, కట్టిన కాళ్ళు రెండూ కలిపి ఈడ్చుకుంటూ గొంగళిపురుగులా పాకింది. ఎదురుగా మూక, వెనక గోడ, ఇటు పొయ్యి వేడి. ఖాళీగా ఉన్నది ఆపిల్ చెట్టు వైపొక్కటే.

తొక్తోసున్ అది అందరికంటే ముందు చూశాడు. ఏదో తిట్టు సగంలో ఉంది. అది అక్కడే ఆగిపోయింది. నోరు మూతపడింది.

మెదెర్ ఆపిల్ చెట్టు నీడలో ఉన్నచోటే నిలబడిపోయాడు. తల కూడా తిప్పలేదు. నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

తాలాయ్ ఆగలేకపోయాడు. అంత వేగం మీదున్నవాడు ఎలా ఆగుతాడు? కంబళి మీద కాలు జారి, కంబళితో సహా గోడదాకా పోయాడు. వెనకవాళ్ళు అతని మీద పడ్డారు, వాళ్ళ మీద ఇంకొందరు, అందరి మీదా మాంసం కొట్టు ఆయన. చినారా ఆ దుమ్ములో బిడ్డ కోసం అటూ ఇటూ చూసింది.

బెగిమై అక్కడ లేదు. పాకుతూ పాకుతూ పోయి, దేనికో తల తగిలింది దానికి. చూస్తే ఒక కాలు. కదలని కాలు. చుట్టూ అన్నీ పరిగెడుతున్న ఆ వాకిట్లో నిలకడగా ఉన్నది అదొక్కటే. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, కుంటి మోకాటిచిప్ప పట్టుకుని, బిడ్డ లేచి నిలబడింది. ఏడుపు ఆపింది.



"ఆఫ్‌సైడ్!" అని కుప్ప కిందినుంచి వినిపించింది తాలాయ్ గొంతు.

"ఎవడ్రా ఆఫ్‌సైడన్నది! మీసాలుంటే చూపించరా!" అని అరిచాడు తొక్తోసున్. వాకిలి బద్దలైంది. జనం టోపీలు ఎగరేశారు.

అనార్‌కాన్ రుమాలు లేని తలతో పరిగెత్తుకొచ్చింది. "ఒప్పుకోను! మొదట బిడ్డను తాకినవాడికని కదా అన్నాం? వాడెక్కడ తాకాడు? బిడ్డే వచ్చి వాణ్ణి తాకింది!"

మెదెర్ తల గీరుకున్నాడు. "నా గోల్స్ అన్నీ ఇలాంటివేనమ్మా. నేనేదీ తాకలేదు. అన్నీ వచ్చి నాకు తగిలాయి."

ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని వాణ్ణి చూసింది. వాడి మోకాలును కరుచుకుని, వాడి ప్యాంటుతో ముక్కు తుడుచుకుంటున్న మనవరాలిని చూసింది. గోడ దగ్గర కంబళిలో చుట్టుకుపోయిన మేనల్లుణ్ణి చూసింది. పెదవులు బిగించి ఆపాలని చూసింది కానీ నవ్వు ఆగలేదు.

"ఇంతమంది మీదికొస్తుంటే ఎవరి దగ్గరికి పోవాలో దీనికి తెలిసింది," అంది. "నా పోలికే." కత్తి తెచ్చి తనే వాడి చేతిలో పెట్టింది.

సాత్కిన్ ముసలాయన అరచేతులు తెరిచాడు. ఈసారి దేనికో ఆయనకు తెలుసు. అందరి చేతులూ లేచాయి. తొక్తోసున్ తన చేతులు తనే కావాలని లేపాడు.

మెదెర్ మంచి కాలి మీద వంగి తాడు కోశాడు. నల్లపోగూ తెల్లపోగూ విడిపోయి కిందపడ్డాయి. చినారా నాలుగడుగుల దూరంలో కూర్చుని చేతులు చాచింది. మెదెర్ బిడ్డ వేళ్ళను మెల్లిగా తన మోకాలి మీదినుంచి విడిపించి పక్కకు తప్పుకున్నాడు.

బెగిమై ఒంటరిగా నిలబడింది. కదల్లేదు. చేతులు రెండూ బొజ్జమీద పెట్టుకుని, తాపీగా, ఒక్కొక్కరి ముఖమే చూస్తూ నిలబడింది. అమ్మ పిలిచింది, కదల్లేదు. నాన్న చప్పట్లు కొట్టాడు, కదల్లేదు.

"అయిపోయింది," అంది అనార్‌కాన్. "గుంజ అయిపోయింది నా బంగారం."

తొక్తోసున్ బిడ్డ వెనకే ఉన్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"కదలవే, గుంజా!"

బెగిమై ఆ గొంతు విని కిలకిలా నవ్వి, బందం తెగాక మొదటి అడుగు వేసింది.